నీలం వైరు మీద మామిడాకులు

ఐరాల,
6 జూన్ 2005, సోమవారం

భానూ,

వరసిద్ధి వినాయకుడి దయవల్ల మేమంతా బాగున్నాం. నువ్వు వేళకు తింటున్నావని అనుకుని ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. తినకపోయి ఉంటే ఇక్కడే ఆపి, తినివచ్చి మిగతాది చదువు.

ఫోను చేయమని మీ నాయనతో చెప్పి పంపావు. నాకు ఫోను కలిసిరాదమ్మా. నేను మాట్లాడుతుంటే అవతలివాళ్ళు "హలో, హలో" అని అరిచి పెట్టేస్తారు. ఉత్తరంలో అయితే నా గొంతూ, నాతో కాయలు ఏరే నాగులమ్మ పెద్ద గొంతూ ఒకే ఎత్తు.

మీ పూనా కంపెనీవాళ్ళు మా మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బిగించిన కొత్త మిషను సంగతి చెప్పాలి. నువ్వే అక్కడ కూర్చుని దానికి బుద్ధి రాసిపంపావని మీ నాయన చెప్పినప్పుడు పన్నెండుమంది ఆడవాళ్ళ ముందు గర్వంగా తలెత్తుకున్నాను. కాయలు ఏరే ఈ పన్నెండుమందికీ నేనే పెద్దదాన్ని కదా. కానీ మేనేజరు ధనంజయ గారు దాన్ని మే 27, శుక్రవారం, పదకొండు గంటలకు ప్రారంభించారు. నిఖార్సైన రాహుకాలం. నేను మెల్లగా చెప్పాను, ఆయనకు వినపడలేదు.

సరిగ్గా వారానికి, మొన్న శుక్రవారం, అంతా ఒక్కసారి నిలిచిపోయింది. కాయలు కడిగే డ్రమ్ము, మా ముందున్న బెల్టు, గుజ్జు తీసే మిషను, అన్నీ. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ధనంజయ గారు పరుగెత్తుకొచ్చి, "ఏమప్పా కుప్పయ్యా, ఇది మిషనా, మొండెద్దా?" అన్నారు. ఎలక్ట్రీషియన్ కుప్పయ్య బోర్డు తలుపు తీసి, లోపలి వైర్లన్నీ ఒకసారి అదిమి, మూసేశాడు. పది నిమిషాలకు నడిచింది. ఆ పది నిమిషాలూ నాగులమ్మ గోడకు చేరగిలబడి, "నిలిస్తే నిల్చినాదిలేక్కా, కాళ్ళకి శానా మేలు చేసినాది" అంది.

ఇంతకూ అది ఎందుకు నిలుస్తుంది? నాకు అర్థమయ్యేలా రాయి. పదో తరగతి మొదటిసారే పాసైనదాన్ని, మరీ విడమర్చనక్కర్లేదు.

నీ అత్త
చంద్రకాంతమ్మ


పూనా,
11 జూన్ 2005

అత్తా,

తినే చదివాను. రొట్టె, బంగాళాదుంప కూర. నీ చేతి ఊరిమిండి పచ్చడి గుర్తుకొచ్చి కళ్ళు చెమర్చాయి. కూరలో కారం లేదు కాబట్టి కన్నీళ్ళకు వేరే కారణం చెప్పుకోలేను.

ముందు నా బాధ చెప్తాను. నా ప్రొబేషన్ జూలై 31తో అయిపోతుంది. మిషను సరిగ్గా నడుస్తోందని మీ మేనేజరు సంతకం చేసిన కాగితం ఈలోపు వస్తేనే నా ఉద్యోగం ఖాయం. ఇది నా మొదటి మిషను. మా అత్త పనిచేసేచోటని పట్టుబట్టి అడిగి తీసుకున్నాను. అది నిలిచిపోతే నేనూ నిలిచిపోతాను.

ఇక మిషను సంగతి. పాత ఫ్యాక్టరీల్లో ఒక్కో మోటారు నుంచి కంట్రోల్ గదికి ఒక్కో వైర్ల కట్ట వెళ్ళేది. ఇప్పుడు ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ వైరునే మేము ఫ్యాక్టరీలోకి తెచ్చాం. వేలంత లావు కూడా ఉండదు. కంట్రోల్ గదిలో ఒక పెట్టె ఉంటుంది, దాన్ని పెద్దాయన అనుకో. ప్రతి మిషను దగ్గరా ఒక చిన్న పెట్టె, దానికొక నంబరు. ఏ రెండింటికీ ఒకే నంబరు ఉండకూడదు. పెద్దాయన సెకనుకు వందసార్లు ఒక్కొక్కరినీ పలకరిస్తుంటాడు: "ఉన్నావా? ఎంత వేగంలో ఉన్నావు?" అవతలిది "ఉన్నాను, ఇంత వేగం" అనాలి. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే పెద్దాయన అన్నింటినీ ఆపేస్తాడు. పలకని మిషనులో ఎవరి చెయ్యి ఇరుక్కుందో ఆయనకు తెలియదు కదా. కాబట్టి అది మొండితనం కాదు, జాగ్రత్త.

ఆ మాటలన్నీ ఉత్తరాల్లాగే వెళ్తాయి. కవరు మీద ఎవరు రాశారు, ఎవరికి రాశారు, లోపల సంగతి, చివర ఒక లెక్క. అందుకున్నవాడు లెక్క సరిచూస్తాడు. కుదరకపోతే ఆ ఉత్తరం మొత్తం పారేస్తాడు, సగం మాట నమ్మడు. పూర్వం అందరూ ఒకే తీగ మీద మాట్లాడేవారు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఠక్కున ఆగి, ఎవరికి తోచినంతసేపు వాళ్ళు ఊరుకుని, మళ్ళీ మొదలుపెట్టాలి. ఇప్పుడు మధ్యలో స్విచ్ అనే పెట్టె ఉంది. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసినట్టు అది ఎవరి మాట వాళ్ళకు పంపిస్తుంది. ఆ గొడవ పోయింది.

నేను ఇక్కడ నుంచి ఏమీ చూడలేను. నా కళ్ళు నువ్వే. ఏ రోజు, ఎన్ని గంటలకు నిలిచింది, అంతకుముందు ఏం జరిగింది, ఎంత చిన్న సంగతైనా రాయి.

నీ మేనకోడలు
భాను


ఐరాల,
19 జూన్ 2005, ఆదివారం

భానూ,

నీ పెద్దాయన నాకు బాగా తెలుసు. ఆయన మా అత్తగారే. పూజ గదిలో కూర్చుని, "చంద్రా, ఉండావా?" అనేది. పెరట్లో ఉన్నా "ఉండాను" అనాలి. మూడోసారికి పలకకపోతే పొయ్యి మీద పాలు దించేసి, ఇంట్లో నడిచే మగ్గాలు ఆపించి, వీధంతా పిలిచేది. అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. నువ్వు రాసింది చదివాక, ఆ చల్లని తల్లి జాగ్రత్త మనిషి అని అర్థమై, ఆమె ఫోటోకి దండం పెట్టుకున్నాను.

చివర లెక్క రాయడం నాకు నచ్చింది. ఇకమీదట నేనూ రాస్తాను.

నువ్వడిగిన వివరాలు. జూన్ 3, శుక్రవారం, పదకొండుకు ఒకసారి నిలిచింది. జూన్ 10, శుక్రవారం, రెండుసార్లు, పదీ యాభైకి, పదకొండూ ఇరవైకి. జూన్ 17, శుక్రవారం, మూడుసార్లు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. ఇంతకంటే ఏం రుజువు కావాలి? ధనంజయ గారితో చెప్తే, "మిషనుకి పంచాంగం యాడ తెలుసమ్మా!" అని నవ్వారు. నవ్వారుగానీ వాకిట్లో లారీలు బారులు తీరి ఉన్నాయి. తోతాపురి మామిడికాయ ఎండలో ఎంతసేపు ఆగుతుంది?

గ్రహం పట్టుదల పెంచుతుంటే నేనూ ఊరుకోలేదు. ప్రతి శుక్రవారం రాహుకాలం రాకముందే, పదింబావుకల్లా, నా చేతనైనంత

(మూడవ కాగితం)

వాడిపోతాయి కదా. అందుకే వారం వారం పెంచుతున్నాను. నాగులమ్మ కూడా సాయం పడుతోంది. నీ ఉద్యోగం సంగతి ఆమెకు చెప్పాను. "పాప కోసం కదక్కా, వచ్చేవారం నుంచి ఇంకా తెస్తాలే" అంది.

ఎప్పటిలాగే దేవుడి ముందు పెట్టి, తర్వాత పోస్టు చేస్తాను.

నీ అత్త
చంద్రకాంతమ్మ

లెక్క: మూడు కాగితాలు.


పూనా,
24 జూన్ 2005

అత్తా,

నీ లెక్క నిన్ను పట్టించింది. మూడు కాగితాలన్నావు, కవరులో రెండే ఉన్నాయి. మొదటిది "నా చేతనైనంత" అని ఆగిపోయింది. మూడోది "వాడిపోతాయి కదా" అని మొదలైంది. నీ చేతనైనంత ఏం చేశావు? ఏం వాడిపోతాయి? రెండు రోజులుగా అన్నం ముందు కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాను. పూలా? మల్లెలా? లేక మా ఇంజనీర్లా?

మా వాళ్ళిద్దరు సోమవారం మీ ఫ్యాక్టరీకి వచ్చి గురువారం దాకా ఉన్నారు. ఆ నాలుగు రోజులూ మిషను బంగారంలా నడిచింది. "ఏ లోపమూ లేదు" అని రాసి రైలెక్కారు. శుక్రవారం దాకా ఉండండి, మా అత్త చెప్పింది అన్నాను. మా పెద్ద ఇంజనీరు నా వైపు చూసిన చూపు నీకు రాయలేను. పెట్టెల్లో, వైర్లలో తప్పు లేకపోతే ప్రోగ్రాములోనే ఉండాలి అంటున్నారు. ప్రోగ్రాము అంటే నేను. నిన్నటి నుంచి ఒక్కో వరసా తిరగేస్తున్నాను. శుక్రవారం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

మిషన్లలో ఒక ఉత్తరం పోతే పెద్దాయన పాతదాన్ని వెతకడు. ఆలస్యంగా వచ్చిన కబురూ రాని కబురూ ఆయనకు ఒకటే, తర్వాతది చూసుకుంటాడు. నేను అలా కాదు. ఆ రెండో కాగితం నాకు కావాలి. దొరకకపోతే గుర్తున్నంత మళ్ళీ రాసి పంపు.

భాను


ఐరాల,
29 జూన్ 2005

భానూ,

దొరికింది. వినాయకుడి ముందు పెట్టానని రాశాను కదా. పళ్ళెంలో కుంకుమ తడిసి ఉంది. మధ్య కాగితం పళ్ళెం అడుగుకు అతుక్కుని అక్కడే ఉండిపోయింది. స్వామి ఒక కాగితం తనకు ఉంచుకున్నాడని నేను, నీకు కళ్ళు సరిగ్గా ఆనవని మీ మామ. కుంకుమ పట్టిన ఆ కాగితం పంపడం బాగుండదు. చూసి రాస్తున్నాను. అందులో పెద్ద సంగతేమీ లేదులే.

"...నా చేతనైనంత మామిడాకులు తెచ్చి తోరణం కడుతున్నాను. కాయలు లోపలికి వచ్చే పెద్ద వాకిలి మీద ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి నీలం రంగు తాడొకటి కట్టి ఉంది. మిషను బిగించినవాళ్ళు ప్రారంభం రోజు అలంకారానికి కట్టి వదిలేసి ఉంటారు. గట్టి తాడు, నున్నగా ఉంది. స్టూలెక్కి దానికే కట్టాను. మొదటి శుక్రవారం ఒక వరస. దిష్టి పోలేదని రెండో శుక్రవారం రెండు, మూడో శుక్రవారం మూడు, మధ్యలో వేపమండలు. తోటలో కోసి, నీళ్ళలో తడిపి తెస్తాం కాబట్టి కట్టినప్పుడు బరువుగా, నిండుగా, కళగా ఉంటాయి. శనివారానికి ఎండకు..."

అంతే. మొన్న 24న నాలుగు వరసలు కట్టాను. నాలుగుసార్లు నిలిచింది. గ్రహం చాలా గట్టిది. ఈ శుక్రవారం ఐదు వరసలు కట్టి, రెండు వైపులా అరటిగెలలు కూడా వేలాడదీస్తాను. నీ ఉద్యోగం నేను పోనివ్వను. ధైర్యంగా ఉండు.

నీ అత్త
చంద్రకాంతమ్మ

లెక్క: రెండు కాగితాలు. రెండూ నా చేతిలోనే ఉన్నాయి.


ఐరాల,
4 జూలై 2005, సోమవారం

భానూ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. తిన్న తర్వాతే చదువు.

శుక్రవారం ఐదు వరసలూ కట్టాను. అరటిగెల కట్టేసరికి మిషను నిలిచింది, మళ్ళీ లేవలేదు. మధ్యాహ్నం దాకా కుప్పయ్య బోర్డులో వైర్లు అదుముతూనే ఉన్నాడు. లారీలవాళ్ళు కేకలు. చివరికి అతను నిచ్చెన వేసుకుని ఆ వాకిలి మీదికి ఎక్కాడు. నేను కింద నిలబడి, "కుప్పయ్యా, ఆకులు తెగ్గొట్టొద్దప్పా" అన్నాను.

"ఆకులు కాదక్కా, వైరు సూస్తాండా."

"ఏ వైరు?"

"ఇదే. మీరు తోరణం కట్టిన నీలం వైరు. మిషన్లు మాట్లాడుకునేది దీంట్లోనే కదా."

"మరి నెల నుంచి సూస్తా ఉండావే, చెప్పలేదే?" అన్నాను.

"తోరణం కదక్కా. తోరణం వద్దని ఎవురంటారు?"

తడి ఆకుల బరువుకు వైరు కిందికి లాగితే, గది అవతలి బోర్డులో ఉన్న స్విచ్ పెట్టెలో దాని కొస వదులయ్యేదట. అతను అదిమితే అతుక్కునేది. శనివారానికి ఆకులు ఎండి తేలికయ్యేవి. వారమంతా మిషను నడిచేది. శుక్రవారం నేను వచ్చేదాన్ని. రాహువు లేడు, ఎవరూ లేరు. నేనే.

శనివారం పొద్దునే ధనంజయ గారి గదికి వెళ్ళి, తప్పు నాది, మా పాప ప్రోగ్రాములో ఏమీ లేదు అని చెప్పాను. ఆయనకు వినపడలేదు. రెండోసారీ వినపడలేదు. మూడోసారి ఎలా చెప్పానో గాని, ఆఫీసంతా లేచి నిలబడింది. రాసివ్వమన్నారు. రాసి సంతకం చేశాను. పదకొండు సీజన్లుగా ఉన్న పని. ఉంచుతారో, పొమ్మంటారో తెలియదు. ఆ వాకిట్లోకి మళ్ళీ ఏ మొహంతో వెళ్ళాలో అంతకన్నా తెలియదు.

నువ్వు నన్ను కోప్పడు. కానీ జవాబు మాత్రం రాయి.

అత్త

లెక్క: రెండు.


పూనా,
5 జూలై 2005

అత్తా,

నీ రెండో కాగితం నిన్న అందింది. "నీలం రంగు తాడు" అన్నచోట నవ్వాను. ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది.

అది తాడు కాదు అత్తా, నా ఈథర్‌నెట్ వైరు. కానీ నువ్వు ఒక్క మాట కూడా బాధపడకూడదు, ఎందుకంటే తప్పు నాది. నేను గీసిన పటంలో ఆ వైరు ఇనుప గొట్టంలో, గోడ వెంట వెళ్ళాలి. మే నెలలో బిగించేరోజు గొట్టాలు రాలేదు. మా వాళ్ళు ఫోను చేసి అడిగితే, "ఇప్పటికి వాకిలి మీదుగా కట్టేయండి, సీజను అయ్యాక చూద్దాం" అన్నది నేను. అని, మర్చిపోయాను. వాకిలికి అడ్డంగా తాడులా కనిపించేది కట్టి, మన ఊళ్ళో దానికి ఎవరూ తోరణం కట్టరని అనుకున్నాను చూడు, అదీ నా చదువు.

ఇవాళ పొద్దున మా పెద్ద ఇంజనీరుకు అంతా చెప్పేశాను. మీ మేనేజరుకు ఫ్యాక్సు పంపాను: వైరు అలా కట్టించింది నేనే, ఫ్యాక్టరీవాళ్ళ తప్పు ఏమీ లేదు అని. నీ పేరు ఎక్కడా రాయలేదు. నువ్వు కూడా ఎవరితోనూ ఏమీ అనకు. నీ పని జోలికి ఎవరూ రారు.

భాను

లెక్క: ఒకటి. నాకు కాగితాలూ, ధైర్యమూ రెండూ అయిపోయాయి.


ఐరాల,
11 జూలై 2005, సోమవారం

భానూ,

ఎవరితోనూ ఏమీ అనవద్దన్న నీ ఉత్తరం శనివారం వచ్చింది. అప్పటికి వారమైంది నేను అనేసి. నువ్వు రాస్తున్నప్పుడు నా ఉత్తరం దారిలో ఉంది, అది చేరేలోపే నీది బయల్దేరింది. ఇద్దరం ఒకేసారి నోరు తెరిచాం.

ఇవాళ ధనంజయ గారు పిలిచారు. బల్ల మీద ఎడమవైపు నేను రాసిచ్చిన కాగితం, కుడివైపు నీ ఫ్యాక్సు. రెండింటినీ మార్చి మార్చి చూశారు.

"సూడమ్మా, ఇరవై ఏండ్లుగా ఫ్యాక్టరీ నడుపుతా ఉండాను. మిషను చెడిపోతే నాది కాదంటే నాది కాదనేవాళ్ళనే సూసినాను. నాదంటే నాదని కొట్లాడేవాళ్ళని ఇప్పుడే సూస్తా ఉండా. ఈ అత్తాకోడళ్ళ తగువు నేను తీర్చలేను" అన్నారు.

"మరి నా పని?" అన్నాను. ఈసారి మొదటిసారికే వినపడింది.

"నీ పనికేమొచ్చినాది? ఆకులు కట్టే చెయ్యి కాయలు ఏరలేదా? పో, పొయ్యి బెల్టు కాడ నిలబడు."

నీ కాగితం గురించి మాత్రం గట్టిగా చెప్పారు. వైరును ఇనుప గొట్టంలో వేయాలి. రెండు శుక్రవారాలు మిషను ఒక్కసారి కూడా నిలవకూడదు. ఆ రెండు శుక్రవారాలూ నేను తోరణం కట్టి తీరాలి. "తోరణానికి భయపడే మిషను నాకొద్దు. రేపు వేరే ఎవురో కడతారు" అన్నారు. కుప్పయ్య తోరణానికని రెండు ఇనుప కొక్కేలు గోడకు కొడతాడు.

నీ పాత ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరూ ఆగి, కొంతసేపు ఊరుకోవాలన్నావు. తప్పు ఎవరిదన్న విషయంలో నేను ఊరుకుంటున్నాను. నువ్వూ ఊరుకో.

అత్త

లెక్క: రెండు.


పూనా,
16 జూలై 2005

అత్తా,

ఊరుకున్నాను.

(ఇప్పటికి తోచినంతసేపు అయింది. తప్పు నాదే.)

మా పెద్ద ఇంజనీరు నా మాట విని, నేను గీసిన పటం తెప్పించుకున్నారు. ఉద్యోగం పోయిందనుకుని మనసులోనే పెట్టె సర్దుకున్నాను. అప్పుడు ఆయన, ఇకమీదట ఏ ఫ్యాక్టరీ పటంలోనైనా వాకిలి పైన తోరణానికి రెండు కొక్కేలు కూడా గీయాలని హుకుం జారీ చేశారు. వాటికి పెట్టెల్లాగే నంబర్లు కూడా ఇవ్వాలట. ఆయన నవ్వకుండానే చెప్పారు. మిగతాది జూలై 31కి చూద్దాం అన్నారు.

నిన్న మొదటి శుక్రవారం. ఏమైంది?

భాను


ఐరాల,
23 జూలై 2005, శనివారం

భానూ,

ముందు నువ్వు అడగకపోయినా నీకు కావలసిన సంగతి: ధనంజయ గారు ఇవాళ సంతకం చేశారు. రిజిస్టరు పోస్టులో మీ ఆఫీసుకు వెళ్ళింది. నేనే కవరు అంటించాను. అంటించేముందు లోపల కాగితాలు రెండుసార్లు లెక్కపెట్టాను. దేవుడి ముందు పెట్టలేదు. దూరం నుంచే చూపించాను.

పోయిన శుక్రవారం ఐదు వరసలు కట్టాను, మిషను నిలవలేదు. నిన్న ఏడు, రెండు అరటిగెలలు, పైగా నాగులమ్మ తెచ్చిన చెరుకుగడలు. పదిన్నర అయింది. పదకొండయింది. పన్నెండయింది. నీ పెద్దాయన "ఉన్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు, అందరూ పలుకుతూనే ఉన్నారు. బెల్టు ఆగలేదు. నేను వినాయకుడిని తలచుకుని కళ్ళు తుడుచుకుంటుంటే నాగులమ్మ నా పక్కకు జరిగింది.

"అక్కా, నీకొక మాట చెప్పేదా? కోప్పడొద్దు."

"చెప్పు."

"ఆ కొక్కేనికి కట్టినట్టే, ఒక్క వరస ఆ నీలం వైరుకి కట్టకూడదా? నెలంతా శుక్రవారం పదకొండు అయితానే కూర్చుంటా ఉంటిమి. ఇప్పుడు పొద్దున్నుంచి నిలబడే ఉండాము. కాళ్ళు పాయనక్కా."

పన్నెండుమందీ నా వైపే చూస్తున్నారు. ఇంతకాలం రాహుకాలం నన్ను ఒక్కదాన్నే భయపెట్టింది, వీళ్ళందరికీ అది విశ్రాంతి అని నాకు తోచనే లేదు. వైరు ఇప్పుడు గొట్టంలో ఉంది, నాకు అందదు. అందినా కట్టను. కానీ భానూ, ఆ మిషనుకు బుద్ధి రాసింది నువ్వే కదా. ఎవరి తప్పూ లేకుండా, ఎర్ర అక్షరాలు రాకుండా, తనంతట తానే కాసేపు ఆగడం దానికి నేర్పగలవా?

నీ అత్త
చంద్రకాంతమ్మ

లెక్క: రెండు.


పూనా,
29 జూలై 2005, శుక్రవారం

అత్తా,

కార్డే రాస్తున్నాను, టైము లేదు. ఉద్యోగం ఖాయమైంది. వచ్చే శుక్రవారం రైల్లో దిగి, అటునుంచి అటే మీ ఫ్యాక్టరీకి వస్తాను.

తోతాపురి పీచు గుజ్జు జల్లెడలో ఎలాగూ అడ్డుపడుతుంది. రోజూ మిషను ఆపి దాన్ని కడిగితే గుజ్జు నున్నగా వస్తుందని ధనంజయ గారికి ఫోను చేసి ఒప్పించాను. రోజూ పదకొండుకు మిషను తనంతట తానే పది నిమిషాలు ఆగుతుంది. తెర మీద తెలుగులోనే వస్తుంది, ఆకుపచ్చ అక్షరాల్లో: "జల్లెడ కడిగే వేళ." జల్లెడ కడగడానికి కుప్పయ్య ఒక్కడు చాలు. మిగతావాళ్ళు ఏం చేయాలో తెర మీద రాయలేదు. నాగులమ్మకు చెప్పనక్కర్లేదు కదా?

నువ్వు నా కోసం వాకిట్లో నిలబడి పిలుస్తావని తెలుసు. అంత మెల్లగా పిలిస్తే నాకు వినపడదేమోనని ముందే జవాబు రాసేస్తున్నాను.

ఉన్నాను.

భాను

లెక్క: ఒక కార్డు, ఒక మేనకోడలు.